ఆరు వేళ్ల లోతు

జీపు నాలుగు చక్రాలూ ఊడదీసి, వలల గదిలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి బొడ్లో దోపుకుని, ఏమీ జరగనట్టు అనిత వాకిట్లో గిన్నెలు తోముతోంది. చక్రాల్లేని జీపు నాలుగు రాళ్ల మీద నిలబడి ఉంది.

"తాళం ఇయ్యమ్మీ" అన్నాడు మామ ఎల్లాజీ.

అడగడం ఇది మూడోసారి. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆయనకు ఏ మాటా రెండోసారి అనవలసిన అవసరం పడలేదు.

"ఇవ్వను మావా."

"ఇవ్వవా?"

"ఇవ్వను. నువ్వు తిట్టు, కొట్టు. ఆ సక్రాలు మళ్లీ జీపుకి ఎక్కవు."

ఎల్లాజీ అరిచే మనిషి కాదు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందనడానికి ఇంట్లోవాళ్లకు తెలిసిన గుర్తు అదొక్కటే.

"అయితే ఇను. బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి జీపు ఇసక మీద ఉండాల. నేకపోతే నీ పెట్టి సర్దుకో. కొత్తవలస బస్సు నానే ఎక్కిస్తాను. మీ అయ్య కాడే ఉందువు గాని."

అనిత చేతిలో గిన్నె ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ పీచు తిరిగింది.

పెళ్లయిన ఈ మూడేళ్లలో ఆమె మాటలు పడింది, అలిగింది, ఏడ్చింది. వెళ్లిపొమ్మన్న మాట వినడం మాత్రం ఇదే మొదలు. వెళ్లాలని ఆమెకు ఏ కోశానా లేదు. మొగుడు సోములంటే ఇష్టం. సముద్రమంటే ఇష్టం. ఇసకలో ఆ జీపు నడపడమంటే మరీ ఇష్టం. అయినా తాళం ఇవ్వదల్చుకోలేదు.

"ఓలమ్మో, ఏటి మాటలే ఇవి" అంటూ అరుగు మీద కూర్చున్న అత్త లక్ష్మణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆశ్చర్యంతో కాదు, తిట్టడానికి ఊపిరి కూడదీసుకోవడానికి. కొంగు తీశాక ఆ నోటికి ఇంక అడ్డు లేదు.

"గంగమ్మ తల్లి ఎదర కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకం ఎట్టి, ఒక్కో సక్రం కింద ఒక్కో నిమ్మకాయ తొక్కించి తెచ్చుకున్నాం. ఆ సక్రాన్ని ఊడదీస్తావా నువ్వు? ఈ పేటలో ఏ ఇంటి కోడలు సేసిందే ఈ పని? ఆడపిల్లని తీసుకెళ్లి లారీ టైర్ల మద్దెన పెంచినాడు మీ అయ్య. అందికే నీకు భయం నేదు, బత్తీ నేదు."

"మా అయ్యని మద్దెలోకి తేకు అత్తా. టైర్ల మద్దెన పెరిగినాను కాబట్టే సెప్తన్నాను."

అనిత తండ్రి జగన్నాధం కూడా ఈ తీరం మనిషే. ఒక తుఫానులో తమ్ముణ్ణి పోగొట్టుకుని, సముద్రం మీద అలిగి, కొత్తవలస రైలుగేటు పక్కన టైర్ల షాపు పెట్టాడు. అనిత పదో తరగతికి వచ్చేసరికే ఆ షాపులో జాకీ ఎత్తడం, లారీ చక్రం దొర్లించడం, రిమ్ము కొలవడం అన్నీ నేర్చేసింది. తల్లి మొత్తుకుంటూనే ఉండేది. తండ్రి వినిపించుకునేవాడు కాదు.

జీపుకి టైర్లు మార్చాలన్న దాంట్లో ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. తాడు కట్టి బోట్లను ఇసక మీదికి లాగేది ఆ జీపే. పడిన చేపనంతా అర కిలోమీటరు మెత్తటి ఇసకలో మోసుకొచ్చి, తారురోడ్డు మీద ఆగిన ఐసు వ్యానుకు అందించేదీ ఆ జీపే. బజారు రోజున పదిమంది ఆడవాళ్లను గంపలతో సహా ఎక్కించుకుని విజయనగరం వెళ్లేదీ అదే. పాత సన్నటి టైర్లు ఇసకలో దిగబడిపోతుంటే, పెద్దవీ వెడల్పువీ వేద్దామని మొదట అన్నది అనితే.

"టైరు మారితే రిమ్ము మారాల. రిమ్ము మారితే దాని వెనక లోతు సూసి తేవాల" అని కూడా ఆమె అప్పుడే చెప్పింది.

లోతు నేను కొలుస్తానన్నాడు ఎల్లాజీ. ఆ ఇంట్లో కొలతలన్నీ ఆయనవే. వల కన్ను ఎన్ని వేళ్లుండాలో ఆ తీరంలో నాలుగు పేటలకు చెప్పేది ఆయన చెయ్యే. ఆయన వేళ్ల ప్రకారం కోసిన వెదురుబద్ద పెట్టుకునే అందరూ వలలు అల్లుతారు. చక్రం ఒక లెక్కా అనుకున్నాడు. పెద్దకొడుకు ఉమాశంకర్‌ను విశాఖపట్నం పంపించాడు. ఉమాశంకర్ నల్లగా నిగనిగలాడే రిమ్ములు తెచ్చాడు. ఊరంతా వచ్చి చూసి, పక్కన నిలబడి ఫొటోలు దిగి వెళ్లారు.

ఆ తర్వాత నాలుగో రోజున, అంటే మొన్న గురువారం, జీపు నడుపుతున్న సోములు చెయ్యి విరిగింది.

ఉమాశంకర్ పెరట్లోంచి ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. రాళ్ల మీది జీపును చూడగానే ఆ ముఖం మళ్లీ తడిసినట్టయింది.

"ఏటి అనితా ఇది? పదిమందిలో నా పరువు తియ్యడానికా?"

"నీ పరువుకీ దీనికీ ఏటి సంబంధం పెద్దబావా? సక్రాలు మరీ బయటికున్నాయి. టైరు వెడల్పూ కలుపుకుని పాత వాటికన్నా నాలుగు వేళ్ల మేర బయటికి తన్నుకొచ్చినాయి. తిప్పితే తగుల్తన్నాయని నువ్వు గ్రైండరెట్టి మడ్‌గార్డు కొయ్యనేదా? తగిలిన రోజే తెలియాల."

"బయటికుంటే ఏటయింది? కాళ్లు ఎడంగా ఎట్టి నిలబడినోడు పడిపోతాడా?"

"పడిపోడు. ఒక కాలికి రాయి తగిలితే మాత్రం గిర్రున తిరుగుతాడు." అనిత చేతులు కడుక్కుని లేచింది. "సక్రం ఎంత బయటికుంటే రాయికి అంత పట్టు దొరుకుతాది. అప్పుడు స్టీరింగు తిప్పీది మనం కాదు, రాయి. నీ తమ్ముడి సెయ్యి ఇరిసింది అదే. బేరింగులు ఎన్నాళ్లుంటాయో కూడా నేను సెప్పలేను."

అందరి చూపూ గుమ్మం వైపు తిరిగింది. సోములు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. కట్టు కిందనుంచి నాలుగు వేళ్లు వాచిపోయి కనిపిస్తున్నాయి.

"సెప్పరా" అన్నాడు ఎల్లాజీ. "ఎలగ ఇరిగింది?"

సోములు అన్న ముఖం చూశాడు. తండ్రి ముఖం చూశాడు. పెళ్లాం ముఖం తప్ప అందరి ముఖాలూ చూశాడు.

"నా పొరపాటే అయ్యా. ధ్యాస నేదు."

అనితకు ఒళ్లు మండిపోయింది. రోడ్డు మీద పోగైన జనానికి ఇదే మాట. డాక్టరుకి ఇదే మాట. పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ ఇదే మాట. కాని ఆసుపత్రి బల్ల మీద కట్టు ఆరుతుండగా ఆమె ఒక్కదానికే వేరే మాట చెప్పాడు. ఎవరో అవతలనుంచి స్టీరింగు పట్టి గుంజినట్టయిందనీ, పట్టు వదిలేలోపే దాని కమ్మీ వచ్చి మణికట్టు మీద కొట్టిందనీ చెప్పాడు. అన్నతో అనకే అని ఒట్టు కూడా వేయించుకోబోయాడు. ఆమె వెయ్యలేదు.

"విన్నావా?" అన్నాడు ఉమాశంకర్. "వాడే సెప్తన్నాడు. నీకేటి బాధ?"

"రేపు బజారు రోజు. వెనక పదిమంది ఎక్కుతారు. మా అత్త ఎక్కుతాది. అదే నా బాధ."

లక్ష్మణమ్మ ఏదో అనబోయి ఆగింది. పక్కింటి మరిడమ్మ అప్పటికే కంచె మీదుగా మెడ చాపి నిలబడి ఉంది. ఆ పదిమందిలో ఆవిడా ఒకతె.

"మాటలెందుకు మావా" అంది అనిత. "కొలుద్దాం. జీపు ఎనకాల స్టెప్నీ ఉన్నాది. అది పాత సక్రమే కదా. దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనెట్టి నువ్వే కొలువు. నీ వేళ్లతోనే. నీ సెయ్యి తప్పని సెప్తే తాళం నీ కాళ్ల కాడ ఎట్టి, నేను బస్సెక్కుతాను."

ఈ మాటకు ఎల్లాజీ కళ్లు చిన్నవయ్యాయి. ఆయన చేతిని ఎవరైనా పరీక్షకు పిలవడం ఆయన ఎరగడు. పిలిచినవాళ్లను వదలడం కూడా ఎరగడు.

"తే" అన్నాడు.

అనిత స్టెప్నీ బోల్టులు విప్పి దించింది. వలల గది తెరిచి కొత్త చక్రం ఒకటి దొర్లించుకొచ్చింది. రెండింటినీ ముఖాలు నేలకు, వీపులు పైకి వచ్చేలా పక్కపక్కన పడేసింది. పడవ పలక ముక్కొకటి తెచ్చి స్టెప్నీ మీద అడ్డంగా పెట్టింది.

"టైరు ఉబ్బు మీద కాదు మావా, రిమ్ము అంచు మీద ఆనాల పలక. ఇదిగో ఇలగ. ఇప్పుడు ఈ పలక అడుగునుంచి, కింద బోల్టులు బిగించే రేకు దాకా ఎంత లోతుందో అదే మనకి కావాలి. షాపుల్లో బ్యాక్ స్పేసింగ్ అంటారు."

"పేరు ఏదైతే ఏటి. పక్కకి తప్పుకో."

ఎల్లాజీ గొంతుక్కూర్చున్నాడు. ఎడమచేతి నాలుగు వేళ్లు ఒకదాని మీద ఒకటి ఆనించి లోపల పెట్టాడు. వాటి మీద కుడిచేతి రెండు వేళ్లు చేర్చాడు. పైన పలక సరిగ్గా వచ్చి ఆనింది. సన్నటి గడ్డిపరక కూడా దూరేలా లేదు.

"ఆరు" అన్నాడు. గొంతులో గర్వం ఉంది. ఉండవలసిన గర్వమే. "నాను సెప్పింది ఆరు. ఎవుడు కాదంటాడు?"

"ఎవరూ కాదనరు. ఇప్పుడు కొత్తదానికెట్టు."

పలక మారింది. ఎల్లాజీ ఎడమచేతి నాలుగు వేళ్లూ దిగాయి. ఐదోది సగం దాకా దూరి ఆగిపోయింది. ఆయన చెయ్యి తీసి, వేళ్లు ఒకసారి చూసుకుని, మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే.

కంచె అవతల మరిడమ్మ ఇంకాస్త ముందుకు వంగింది.

"ఒరే శంకరూ" అన్నాడు ఎల్లాజీ, తలెత్తకుండానే. "ఎవరి వేళ్లెట్టినావు?"

"ఆరే ఎట్టినానయ్యా."

"ఎన్ని అని అడగనేదు. ఎవరివి అని అడిగినాను."

ఉమాశంకర్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అవి పడవ తాళ్లు లాగిన చేతులు కావు. చదువుకున్నవాడు, బోటు కాగితాలూ బ్యాంకు పనులూ చూసేవాడు. ఆ వేళ్లు తల్లి వేళ్లంత సన్నం.

"నావి."

"నాను కోసిచ్చిన వెదురుబద్ద ఏటయింది? సొక్కా జేబులో నానే ఎట్టినాను కదా."

ఉమాశంకర్ ఒక్కసారిగా గొంతు తెరిచాడు, ఇన్నాళ్లుగా మోస్తున్నది కింద పడేసినట్టు.

"ఎలగ తీస్తానయ్యా? అంతా అద్దాల షోరూము. లోపల ఏసీ. ఆ అమ్మాయొచ్చి, ఆఫ్‌సెట్ ఎంత కావాలి సార్, బ్యాక్ స్పేసింగ్ ఎంత సార్ అని ఇంగ్లీషులో అడుగుతన్నాది. పక్కనోళ్లు ఫోన్లలో నెంబర్లు సూసుకుని సెప్తన్నారు. నాను జేబులోంచి వెదురుబద్ద తియ్యాలా? వల అల్లుకునీ బద్ద? తెలీదని సెప్పడానికి నోరు రానేదు. బద్ద తియ్యడానికి సెయ్యి రానేదు. ఎవరూ సూడకుండా గబుక్కున నా వేళ్లెట్టి, ఆరొచ్చింది కదా, ఇదే ఇచ్చీయమన్నాను."

"బద్ద?"

"తిరిగొచ్చేటప్పుడు బస్సులోంచి పారేసినాను."

తీరమంతా నమ్మే కొలతను కన్నకొడుకు సిగ్గుపడి బస్సు కిటికీలోంచి పారేశాడు. ఎల్లాజీ గొంతుక్కూర్చున్న చోటనుంచి వెంటనే లేవలేకపోయాడు. ఉమాశంకర్ చెయ్యి అందించబోతే తోసేసి, పలక మీద చెయ్యి ఆనించుకుని తనే లేచాడు.

అనితకు ఆయన మీద జాలి వేసింది. పెద్దబావ మీద కూడా వేసింది, అదే వింత. కొత్తవలస షాపులో ఆమె ఇలాంటివాళ్లను ఎంతమందినో చూసింది. తెలియదని ఒప్పుకోలేక, నోటికొచ్చిన నెంబరు చెప్పి, ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఇక్కడితో గొడవ తీరిపోయిందనుకుంది.

"ఇప్పుడు పోయిందేటీ నేదు మావా" అంది మెల్లగా. "టైర్లు ఇవే ఉంచుదాం, పూజ సేసినవే. రిమ్ములు మారిస్తే సాలు. నేను మొన్ననే కుడికి తిప్పి ఎడమకి తిప్పి, ఎనకాల ఇసక బస్తాలేసి మరీ సూసినాను. లోపల కమాను పట్టీలున్నాయి, బ్రేకు గొట్టం ఉన్నాది. టైరు వెడల్పయినాది కాబట్టి పాతంత లోపలికి తోస్తే వాటికి రాసుకుంటాది. అలగని ఇంత బయటికీ తొయ్యకూడదు. లోపల ఎంత సోటుంటే అంతా వాడుకుని, మిగిలిందే బయటికి. ఏడంగుళాల వెడల్పు రిమ్ము, వెనక లోతు పదకొండు సెంటీమీటర్లు. నీ వేళ్లకి ఆరుకి కొంచిం తక్కువ. మా అయ్య సూసి ఉంచినాడు. సోమవారానికి వచ్చెస్తాయి."

"సోమవారం దాకా?"

"సోమవారం దాకా జీపు ఇక్కడే."

ఎల్లాజీ కంచె వైపు చూశాడు. మరిడమ్మ పక్కన ఇంకో ఇద్దరు చేరారు. ఆయన తువ్వాలు తీసి దులిపాడు.

"వేలున్నర తేడా" అన్నాడు. "వేలున్నరకి ఇంత రచ్చ సెయ్యక్కర్నేదు. శంకరూ, సక్రాలు బిగించు."

అనిత విన్నది నిజమేనా అని ఆయన ముఖంలోకి చూసింది.

"మావా, నువ్వే కొలిసినావు కదా."

"కొలిసినాను. అది ఇంటి లోపల మాట. ఎల్లాజీ ఇంట్లో కొలత తప్పిందని ఒడ్డు మీద ఎవుడైనా అంటే, రేపటినుంచి నా బద్ద ఎవుడెట్టుకుంటాడు? బిగించరా."

"వల కన్ను వేలున్నర పెద్దదయితే సేప పోతాది. ఇక్కడ పోయీది మనుసులు."

"నాకు సెప్పకు."

"సెప్తాను. ఇంకెవరూ సెప్పడం నేదు కదా, నేనే సెప్తాను."

ఉమాశంకర్ కదల్లేదు. జాకీ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. అప్పుడు గుమ్మంలోంచి సోములు లేచాడు. కట్టు చెయ్యి గుండెకు ఆనించుకుని, మెట్లు దిగి, జీపుకీ అన్నకీ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, నా పొరపాటు కాదు."

"ఏటి కాదు?"

"సెయ్యి ఇరగడం. ధ్యాస నాకు బాగానే ఉన్నాది. ఎడమ సక్రానికి రాయి తగిలింది, స్టీరింగు నా సేతుల్లోంచి పీక్కుని ఎల్లిపోనాది. అన్న సిన్నబోతాడని అబద్దమాడినాను. నా ఇంటిదాన్ని మీరందరూ తిడతంటే కూడా నోరు మూసుకున్నాను." ఈసారి పెళ్లాం ముఖం కూడా చూశాడు. "ఈ సక్రాలు ఎక్కిస్తే, సెయ్యి అతుక్కున్నాక కూడా ఈ జీపు నాను నడపను. అనితని బస్సెక్కిస్తే నానూ ఎక్కుతాను."

మూడేళ్లుగా అనిత ఎదురుచూసిన మాట అది. వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. కళ్లు నిండాయి. తుడుచుకుంటే మామ చూస్తాడని తుడుచుకోలేదు.

ఒడ్డునుంచి కేకలు వినిపించాయి. సరుగుడు తోపు అవతల మొదటి బోటు అలల మీదికి వచ్చేసింది. వెనక ఇంకో రెండు. చేప దిగగానే ఐసులో పడాలి. ఎండెక్కేలోపు రోడ్డు చేరాలి. జీపు లేని రోజుల్లో ఆ ఇసకలో ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని ఎన్నెన్నిసార్లు తిరిగేవారో పేటలో పెద్దవాళ్లందరికీ గుర్తే.

అనిత చూరులోంచి గంప దించింది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, తలగుడ్డ చుట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు?" అన్నాడు ఎల్లాజీ.

"మోస్తాను. సోమవారం దాకా రోజూ మోస్తాను. ఈ ఇంటి సేప కుళ్లిపోనివ్వను."

జీపున్న ఇంటి కోడలు నెత్తిన గంప పెట్టుకుని ఇసకలో నడిస్తే, ఆ చక్రాల సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు. తీరమంతా చూసి తెలుసుకుంటుంది. ఎల్లాజీకి అది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆగు" అన్నాడు. ఈసారి ఆయన గొంతు కంచె దాటింది. "అందరూ ఇనండి. ఈ ఇంటి ఆడది ఎవతైనా గంపెత్తుకుని ఆ గేటు దాటిందంటే, మళ్లీ ఈ గడప తొక్కక్కర్నేదు. ఇదే నా మాట."

అనిత అడుగు గేటు దగ్గర ఆగింది. సోములు ఆమె పక్కకు వచ్చాడు. బయట ఇసక, వెనక ఇల్లు. దాటాలనే ఉంది, దాటుతుంది కూడా. ఆ ఒక్క అడుగుకు బలం తెచ్చుకుంటోంది.

వెనకనుంచి ఎవరో ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపారు.

లక్ష్మణమ్మ. చేతిలో గంప ఉంది. అరుగు మీదనుంచి ఎప్పుడు లేచిందో, గంప ఎప్పుడు దించిందో ఎవరూ చూడలేదు. పొద్దుటినుంచీ కోడల్ని తిట్టిన నోరు ఇప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"నాను ఈ ఇంటికొచ్చిన ఏడాది, నా వేళ్లెట్టుకుని ఒక వల అల్లినాను. గురుతుందా నీకు?"

"ఇప్పుడెందుకే ఆ కత?"

"ఇప్పుడే కావాల. మూడు వేళ్ల కన్ను అన్నావు, నా మూడు వేళ్లెట్టి అల్లినాను. నీ వేళ్లకి రెండున్నరే వచ్చింది. పేట పెద్దలందర్నీ కూసోబెట్టి, వాళ్ల ఎదర ఆ వలంతా నా సేతే ఇప్పించినావు. మూడు రోజులు. ముడి ముడికీ ఏడ్సుకుంటా ఇప్పినాను. ఈ ఇంట్లో కొలతంటే ఒక్క సెయ్యే అన్నావు. సరేనన్నాను. నలభై ఏళ్లు అన్నాను."

ఎల్లాజీ నోరు తెరిచాడు. లక్ష్మణమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇయ్యాల నీ కొడుకు తన వేళ్లెట్టినాడు. నా సిన్నోడి సెయ్యి ఇరిగింది. నాను పదిమందిని ఎంటేసుకుని రేపు ఆ బండెక్కాల. వల నాది కాబట్టి పేటంతా సూస్తండగా ఇప్పించినావు. నీ కొడుకుది మాత్రం ఎవరూ సూడకుండా బిగించీమంటన్నావు."

"నోరు ముయ్యి."

"మూసుకునే ఉన్నాను ఇన్నాళ్లూ."

ఆవిడ మోకాళ్లు మంచివి కావు. రెండేళ్లుగా ఇసకలో నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతోంది. ఒక చెయ్యి గేటు కమ్మీ మీద వేసి, గంప చంకలోకి ఎత్తుకుని, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు గేటు అవతల పెట్టింది. కోడలికన్నా ముందు అత్త దాటింది.

కంచె అవతల మరిడమ్మ ఒక్క మాటా అనకుండా తన ఇంటి చూరు వైపు, గంప కోసం నడిచింది.

లక్ష్మణమ్మ ఇసకలో నిలదొక్కుకుని వెనక్కి తిరిగింది. ఆవిడ గొంతులో ఇప్పుడు కోపం కూడా లేదు. సామాన్లు ఏం తేవాలో అడిగినట్టు అడిగింది.

"సాయంత్రం తలుపు తీస్తావో నేదో ఇప్పుడే సెప్పీ. తియ్యకపోతే పొయ్యి ఎక్కడ ఎలిగించుకోవాలో మేం సూసుకోవాల."

గేటుకు ఇవతల ఎల్లాజీ, ఆయన ఇద్దరు కొడుకులు, రాళ్ల మీద జీపు. అవతల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు. అనిత కూడా దాటేసిందని ఆమెకే అప్పుడు తెలిసింది.

ఒడ్డున కేకలు ఎక్కువయ్యాయి. ఎల్లాజీ చెయ్యి భుజం మీది తువ్వాలు దాకా వెళ్లి, దాన్ని దులపకుండానే కిందికి దిగింది. లక్ష్మణమ్మ జవాబు వినకుండా కదిలేలా లేదు.